స్వర్గ నరకాలు - ఒక పునరాలోచన

స్వర్గం పైన, నరకం కింద అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. సైన్సు విద్యార్థిగా నా సందేహం ఒక్కటే: ఇవి నిజంగా స్థలాలేనా?

తెలుగు బైబిలు సువార్తల్లో 'నరకము' అని చదివే మాటకు గ్రీకు మూలంలో చాలాచోట్ల ఉన్నది 'గెహెన్నా'. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు. పూర్వం అక్కడ పిల్లల్ని అగ్నికి బలిచ్చారని యిర్మీయా ప్రవక్త ఆక్రోశించాడు. అంటే, మనిషి క్రూరత్వం చూసిన లోయ పేరే తర్వాత దేవుని శిక్షకు పేరయింది! నరకమంటే చోటు కాదనీ, తమంత తామే దేవునికి దూరమైనవారి స్థితి అనీ 1999లో పోపు రెండవ జాన్ పాల్ బోధించాడు.

సరే, ఆ శిక్ష అంతులేనిదా? 'నిత్యం' అంటే అంతులేని కాలమని అర్థం కాదని రాసినందుకు ఎఫ్.డి. మారిస్ 1853లో లండన్ కింగ్స్ కాలేజీలో ఆచార్య పదవి పోగొట్టుకున్నాడు.

మరి చర్చి గడప తొక్కకుండానే, పొలం పనుల్లో బతుకు వెళ్ళబుచ్చిన మా అమ్మమ్మ మాటేమిటి? ఆకలన్నవాడికి పెట్టకుండా ఆమె ఏనాడూ తినలేదు. తమ తప్పు లేకుండా సువార్త తెలియనివారు దేవుణ్ణి నిజాయితీగా వెదకుతూ, మనస్సాక్షి ప్రకారం నడిస్తే రక్షణ పొందగలరని 1964లోనే రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. అన్ని సంఘాలూ ఇందుకు ఒప్పుకోవు. నాకు మాత్రం ఇదే న్యాయమనిపిస్తుంది.

భయంతో చేసే మంచి, కాపలా ఉన్నంతసేపే చేను మేయని గొడ్డు లాంటిది. నరకం ఎక్కడుందని వెతకడం కన్నా, మన మధ్య హిన్నోము లోయలు లేకుండా చూసుకోవడమే ముందు పని అని నా అభిప్రాయం.