వరద విడిచిన మట్టి

వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది తూర్పుదిశగా సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణానదిలో కలుస్తుంది. దానికి దక్షిణంగా పారే ఉపనది ఈసీ. హైదరాబాదుకు పశ్చిమాన ఉన్న చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాలు ఈ రెండు నదుల పరీవాహకంలోనివి. వేసవిలో చూసినవారికి ఇవి నదులని తోచదు. ఇసుక నడుమ సన్నని నీటిచాలు, అక్కడక్కడ మడుగులు, ఒడ్డున ఈతచెట్లు, తుంగ మాత్రమే కనిపిస్తాయి. ఏడాదిలో మోయవలసిన మట్టిలో అధికభాగాన్ని ఇవి వానాకాలపు కొద్ది రోజులలోనే మోస్తాయి.

చినుకుల తాకిడికి ఎర్రచెల్కలలోనూ, దున్నిన రేగడి భూములలోనూ పైమట్టి కదులుతుంది. వాగుల వెంట నదిని చేరుతుంది. నీటికి వేగమున్నంతవరకే ఆ మట్టిని మోసే శక్తి ఉంటుంది. వరద గట్టు దాటి మైదానంలోకి పొర్లగానే ప్రవాహం వెడల్పవుతుంది, లోతు తగ్గుతుంది, వేగం మందగిస్తుంది. ముతక ఇసుక గట్టు అంచునే పడిపోతుంది. ఏళ్ల తరబడి అలా పేరుకొన్న ఇసుక ప్రకృతి కట్టిన కరకట్టగా నిలుస్తుంది. ఒండ్రు మరికొంత దూరం పోతుంది. బంకమట్టి సంగతి వేరు. 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు నిశ్చలమైన నీటిలో ఒక మీటరు లోతుకు దిగడానికి నిమిషం కూడా పట్టదు. విడిగా తేలే 0.002 మిల్లీమీటర్ల బంకరేణువుకు అదే దూరం దిగడానికి మూడు రోజులకు పైగా పడుతుంది. అందుచేత వరద వచ్చి వెంటనే వెళ్లిపోయేచోట బంకమట్టి నిలవదు. నది ఎన్నడో విడిచిన పాతపాయలలో, గట్టు వెనుక పల్లాలలో, నీరు రోజుల తరబడి కదలని చోట మాత్రమే అది అడుగుకు చేరుతుంది.

నది మలుపు తిరిగినచోట బయటివైపు గట్టు కోసుకుపోతుంది, లోపలివైపు ఇసుకమేట వేస్తుంది. ఒకే నది ఒక రైతు పొలాన్ని తినివేస్తూ, ఎదుటి ఒడ్డున మరొకరికి కొత్తనేల సమకూర్చడంలోని రహస్యమిదే. ఆ కొత్తనేల కొన్నాళ్లపాటు వట్టి ఇసుకే. ఒండ్రు కలిసి, గరిక పట్టిన తరువాతనే అది సాగుకు పనికివస్తుంది.

నేల ఎత్తుపల్లాలు నిర్ణయించినదానిని మొక్కలు కొంత మారుస్తాయి. గరిక, తుంగ, జమ్ము, రెల్లు వంటివి ప్రవాహానికి వంగుతూనే దాని వేగాన్ని హరిస్తాయి. వాటి కాడల నడుమ నీరు నెమ్మదించి, మోసుకొచ్చిన మట్టిని వదులుతుంది. వేళ్లు ఆ మట్టిని పట్టి ఉంచుతాయి. మరుసటి ఏడు మొక్క ఆ పొరపై మరికొంత పెరిగి, మరికొంత మట్టిని ఆపుతుంది. అయితే పొద ఎంత దట్టమైతే అంత మట్టి ఆగుతుందని భావించడం సరికాదు. మిక్కిలి దట్టమైన పొదను నీరు చుట్టి పోతుంది. లోపలికి చొరబడిన నీరు సైతం తన బరువును అంచులోనే దించుకొని, పొద నడిమికి చేరేసరికి తేరుకొంటుంది. ఒంటరి చెట్టు వద్ద తీరు మరొకటి. మాను ఇరుప్రక్కలా నీరు సుడి తిరిగి నేలను తొలుస్తుంది. మాను వెనుక, ప్రవాహపు చాటున, తోకవలె మేట వేస్తుంది.

వరదలో చెట్టు అనగానే హైదరాబాదు వాసులకు స్ఫురించేది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలనెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని ప్రసిద్ధి. ఆ ఉపద్రవంలో దాదాపు 15 వేలమంది మరణించినట్లు అంచనా. ఎగువన అనేక చెరువులు తెగి వరదను ఉధృతం చేశాయి. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువనే వరదను పట్టి ఉంచే జలాశయాలు కావాలని సూచించాడు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిదానిని ప్రజలు గండిపేట అంటారు. మొయినాబాదు ప్రాంతం ఈ రెండింటి నడుమ ఉంది.

జలాశయం నీటితోపాటు మట్టినీ ఆపుతుంది. నది దానిలో ప్రవేశించేచోట ముతక ఇసుక మేటవేయగా, సన్నని మట్టి ఆనకట్ట వరకు సాగి అడుగున పరుచుకొంటుంది. పూడిక ఎంత పెరిగితే నీటికి చోటు అంత తగ్గుతుంది. కనుక ఎగువన చేవెళ్ల వాగుల గట్లమీద గడ్డి ఆపిన మట్టి, జలాశయానికి తప్పిన పూడిక. పొలానికి అదే ఎరువు. చెరువులో పేరుకొన్న పూడికను తవ్వి పొలాలకు తోలడం తెలంగాణ రైతుకు కొత్తకాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఆ పనినే యంత్రాలతో విస్తృతంగా చేపట్టింది.

వాగులో ఇసుక తోడిన గోతులు ఈ క్రమాన్ని భంగపరుస్తాయి. మరుసటి వరదలోని ఇసుక ముందుగా గోతిలో పడిపోతుంది. బరువు దించుకొన్న నీరు దిగువన గట్లను కోయసాగుతుంది. ప్రక్కనున్న బావులలో నీటిమట్టం సైతం పడిపోతుంది. 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకాలను నియంత్రించడానికి ఇదొక కారణం. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిషేధిస్తూ 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను తొలగిస్తూ 69వ నంబరు జీవో వెలువడింది. ఆనాటి నుండి ఈ పరీవాహకపు భవిష్యత్తుపై వాదోపవాదాలు సాగాయి.

ఆ వాదాలలో అంతగా ప్రస్తావనకు రానిది ప్రహరీగోడ. వాగు ఒడ్డున పొలం స్థానంలో ఫామ్‌హౌసు వెలసి, చుట్టూ గోడ లేచిందనుకొందాం. గడ్డి తన వెడల్పంతటా నీటిని నెమ్మదింపజేసి, మట్టిని పలుచగా పరుస్తుంది. గోడ నీటిని తన మొదటనే నిలిపి ఒకేచోట మేట వేయిస్తుంది, మిగిలిన ప్రవాహాన్ని ఎదుటి ఒడ్డుకు మళ్లిస్తుంది. గోడ లోపలి నేలకు ఆ ఏటి ఒండ్రు అందదు. ఎదుటి ఒడ్డున కోసుకుపోయిన మట్టి వరదతో కలిసి గండిపేటకో, హిమాయత్‌సాగరుకో చేరుతుంది.