స్కిజోఫ్రీనియా: నాడీసంధులు, వాటి మాంసకృత్తులు

చక్కెరవ్యాధి, రక్తపోటు, కీళ్లవాతము – వీటిని మన ఇండ్లలో ఎవరును దాచుకొనరు. ఇరుగుపొరుగువారితో చెప్పుకొందురు; ఏ మందు వాడుచున్నారో అడిగి తెలిసికొందురు. కాని డిగ్రీ చదువుచున్న కుమారుడు తలుపు మూసికొని తనలో తాను మాటలాడుకొనుచున్నప్పుడు, ఎవరో తనను వెంటాడుచున్నారని వణకుచున్నప్పుడు, ఆ ఇంటివారు నోరు మెదపరు. గాలి సోకినదని కొందరు, తల్లి గారాబము చెడగొట్టినదని కొందరు, పెండ్లి చేసిన కుదురుకొనునని మరికొందరు చెప్పుదురు. ఈ మూడు మాటలును తప్పే. ఈ వ్యాధిలో మెదడులోని ఏ భాగములు దెబ్బతినుచున్నవో పరిశోధకులు ఇప్పటికి కొంత తెలిసికొనగలిగిరి. దానిని గృహస్థులకు అర్థమగునట్లు ఈ పాఠములో వివరించుచున్నాము.

వ్యాధి పరిచయము

స్కిజోఫ్రీనియా అను పేరును స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో పెట్టెను. గ్రీకు భాషలో దానికి ‘చీలిన మనస్సు’ అని అర్థము. సినిమాలలో చూపునట్లు ఒకే మనిషిలో ఇద్దరు ఉండుట ఇది కాదు. ఆలోచన, భావము, ప్రవర్తన ఒకదానితో ఒకటి పొందిక తప్పుటయే ఈ చీలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నది. యౌవనారంభమున, ఇరువదుల వయస్సులో ఎక్కువగా బయటపడును.

లక్షణములు రెండు తెగలు. లేనివి ఉన్నట్లు తోచుట మొదటి తెగ: ఎవరును లేకున్నను మాటలు వినబడుట, ఆధారము లేని అనుమానములు. ఉండవలసినవి తగ్గిపోవుట రెండవ తెగ: ఉత్సాహము, మాట, స్నానపానాదులయందు శ్రద్ధ, నలుగురితో కలియుట. ఈ రెండవ తెగను చూచి ఇంటివారు సోమరితనమని పొరబడుదురు.

చరకసంహిత ఉన్మాదమును వర్ణించుచు మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిదియు భ్రమించుట అని చెప్పినది. ఉన్మాదము అను పేరు క్రిందికి అనేక మానసిక వ్యాధులు వచ్చును గనుక అదియు స్కిజోఫ్రీనియాయు ఒక్కటే అనరాదు. అయినను ఇన్ని విధముల మార్పులను ఒకే వ్యాధిగా గుర్తించిన ఆ పరిశీలన గమనింపదగినది.

నాడీసంధి అనగా నేమి?

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. అవి ఒకదానినొకటి అంటుకొని ఉండవు. ఒక కణపు కొనకును వేరొక కణమునకును నడుమ మిల్లీమీటరులో ఏబదివేలవ వంతు ఎడము ఉండును. ఈ కూడలినే నాడీసంధి అందురు. 1897లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ దీనికి సినాప్స్ అని పేరు పెట్టెను.

దీనిని గోదావరి రేవుతో పోల్చవచ్చును. రెండు ఒడ్లు కలియవు. నడుమ పడవ తిరుగును. ఈ ఒడ్డున డోపమైన్, గ్లుటమేట్ వంటి రసాయనములు సూక్ష్మమైన తిత్తులలో సిద్ధముగా ఉండును. సంకేతము రాగానే తిత్తి తెరచుకొనును. రసాయనము ఆవలి ఒడ్డు చేరి అచ్చటి గ్రాహకములను తాకును. ఈ పని అంతయు నడపునవి మాంసకృత్తులే. సినాప్టోఫైసిన్, ఎస్‌వి-2ఎ అనునవి తిత్తుల గోడలలో ఉండును. స్నాప్-25 తిత్తిని ఒడ్డునకు చేర్చి తెరచుకొనుటకు తోడ్పడును. న్యూరెక్సిన్ రెండు ఒడ్ల నడుమ కట్టిన త్రాడు వంటిది. గ్రాహకములును మాంసకృత్తులే, ఆవలి ఒడ్డున వాటిని స్థానము తప్పకుండ నిలుపు మాంసకృత్తి పిఎస్‌డి-95.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. మాంసకృత్తుల లోపమైనచో కందిపప్పు, పాలు, గ్రుడ్లు ఎక్కువగా పెట్టిన చాలునా? చాలదు. తిన్న మాంసకృత్తులు జీర్ణమై విడిపోవును. నాడీసంధికి కావలసినవానిని ప్రతి కణమును తన జన్యువుల సూచన మేరకు తానే నిర్మించుకొనును. మంచి ఆహారము దేహమునకు బలము. అది ఈ వ్యాధికి మందు కాదు.

యౌవనములో జరుగు కత్తిరింపు

మల్లెపాదును చలికాలములో కత్తిరించినచో వేసవికి విరగబూయును. మెదడును అట్లే చేయును. పసితనములో నాడీసంధులు పెద్దవారిలోకంటె ఎక్కువగా ఉండునని 1979లో అమెరికా వైద్యుడు పీటర్ హట్టెన్‌లోకర్ చూపెను. బాల్యములోను, యౌవనములోను అక్కరలేనివి తొలగి, పనికివచ్చునవి గట్టిపడును. ఈ కత్తిరింపు హద్దు మీరుటయే స్కిజోఫ్రీనియాకు మూలము కావచ్చునని 1982లో అర్విన్ ఫైన్‌బర్గ్ ఊహించెను. వ్యాధి సరిగా ఆ వయస్సులోనే తలయెత్తుటకు ఈ ఊహ ఒక సమాధానము చూపినది.

తరువాతి పరిశోధనలు దీనికి బలము చేకూర్చినవి. మరణించిన రోగుల మెదళ్లను పరీక్షింపగా, ఆలోచనకు ముఖ్యమైన ముందుభాగములో, నాడీసంధులు ఏర్పడు ముల్లువంటి బుడిపెలు తక్కువగా ఉన్నట్లు 2000లో వెల్లడియైనది. సినాప్టోఫైసిన్ కూడ కొన్ని భాగములలో తగ్గియుండెను. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు సుమారు 65,000 మంది జన్యు సమాచారమును పరిశీలించి సి-4 అను మాంసకృత్తిని పట్టుకొనిరి. సూక్ష్మక్రిములపై పోరాడు రక్షణ వ్యవస్థకు చెందిన ఈ మాంసకృత్తి, ఎలుకల మెదడులో తొలగింపవలసిన నాడీసంధులకు గుర్తు పెట్టుటకు తోడ్పడును. మైక్రోగ్లియా కణములు ఆ గుర్తును బట్టి వాటిని మ్రింగివేయును. సి-4లో ఒక రకమును ఎక్కువగా తయారుచేయు జన్యువులు గలవారికి వ్యాధి ముప్పు కొంత ఎక్కువ.

2020లో లండను పరిశోధకులు జీవించియున్న రోగుల మెదడును స్కానింగులో చూచి, ముందుభాగమున ఎస్‌వి-2ఎ తక్కువగా ఉన్నదని కనుగొనిరి. ఇది మందుల వలన కలిగినదేమో అని ఎలుకలకు అవే జాతి మందులిచ్చి చూడగా వాటిలో తగ్గలేదు. 2022లో వ్యాధి ముప్పును బాగుగా పెంచు పది అరుదైన జన్యులోపములు బయటపడగా, వాటిలో రెండు గ్లుటమేట్ గ్రాహకములకు సంబంధించినవే.

అయినను ఈ జ్ఞానమునకు హద్దులు కలవు. రక్తపరీక్షతో గాని స్కానింగుతో గాని స్కిజోఫ్రీనియాను నిర్ధారించుట నేటికిని సాధ్యము కాదు. లక్షణములను బట్టియే వైద్యుడు నిర్ణయించును. జన్యువులే సర్వమును కావు. ఒకే పోలిక గల కవలలలో ఒకరికి వ్యాధి వచ్చినను రెండవవారికి వచ్చు అవకాశము సగమునకు మించదు. ఇక పెంపకము మాట: 1948లో అమెరికాలో సయితము తల్లి స్వభావమే ఈ వ్యాధికి కారణమని వ్రాసిరి. ఆ వాదము నిలువలేదు. ఎందరో తల్లులు ఆ నిందను అకారణముగా మోసిరి.

సర్పగంధ నేర్పిన పాఠము

మన సర్పగంధను ఉన్మాదమునకు వాడుట చిరకాలపు ఆచారము. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ గారలు దాని గుణములను గూర్చి వైద్య పత్రికలో వ్రాసిరి. 1952లో స్విట్జర్లాండులో దాని వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. 1954లో న్యూయార్కులో నేథన్ క్లైన్ దానిని మానసిక రోగులకు వాడి గుణము కనిపించినదని ప్రకటించెను.

ఇది పనిచేయు చోటు కూడ నాడీసంధియే. డోపమైన్ మొదలగు రసాయనములను తిత్తులలోనికి నింపు మాంసకృత్తి ఒకటి కలదు. రిసర్పిన్ దానిని అడ్డగించును, తిత్తులు ఖాళీయగును, ఉద్రేకము చల్లబడును. కాని ఇది ఒక్క డోపమైనుతో ఆగదు. రక్తపోటు పడిపోవుట, చేతులు వణకుట, తీవ్రమైన దిగులు కలుగవచ్చును. అందుచేతనే అంతకంటె మేలైన మందులు రాగానే వైద్యులు దీనిని ఈ వ్యాధికి వాడుట మానిరి. మూలిక గదా, హాని ఏమున్నదని సర్పగంధ చూర్ణమును ఇంటిలోనే ఇచ్చువారు, అందులోను మాత్రలతో కలిపి ఇచ్చువారు, ఈ సంగతి మరువరాదు.

మందు ఎందుకు మానరాదు?

1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌ను మానసిక రోగులకు వాడిననాటినుండి వచ్చిన మందులలో ఎక్కువ భాగము డోపమైన్ గ్రాహకమును అడ్డగించునవే. 2024లో అమెరికాలో అనుమతి పొందిన క్సానోమెలిన్–ట్రాస్పియం మాత్రము వేరు గ్రాహకములపై పనిచేయును. ఇవి భ్రమలను అణచును గాని తగ్గిన నాడీసంధులను తిరిగి మొలిపించునని చెప్పలేము. కనుకనే రోగి కుదుటపడగానే “నయమైనది గదా” అని మందు మానిపించినచో పెక్కుమందిలో వ్యాధి తిరుగబెట్టును. బాగుండుట మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు, అక్కరలేదనుటకు కాదు.

గృహస్థులు గమనింపవలసినవి

1. నిద్ర చెడుట, చదువు కుంటుపడుట, అనుమానము, ఏకాంతము – ఇవి కొన్ని వారములు నిలిచినచో మానసిక వైద్యుని చూడుడు. ఆలస్యమైన కొలది కోలుకొనుట కష్టమగును.

2. మాత్రల వలన లావెక్కుట, మత్తు, వణకు కలిగినచో వైద్యునితో చెప్పి మార్పించుకొనుడు. మీ అంతట మీరు ఆపవలదు.

3. వైద్యునికి తెలుపకుండ ఏ మూలికను, లేహ్యమును చేర్చవలదు.

4. గంజాయి, భంగు ఈ వ్యాధి ముప్పును పెంచును. యౌవనములో ఉన్నవారికి మరింత ప్రమాదము.

5. వేళకు నిద్ర, వేళకు భోజనము, నడక, చేతనైన చిన్న పని – ఇవి చికిత్సకు తోడు. తైలాభ్యంగనము హాయినిచ్చును, కాని మాత్రకు బదులు కాదు.

6. వ్యాధిని దాచి పెండ్లి చేయవలదు. అది ఇద్దరి జీవితములకును అన్యాయము.

7. చచ్చిపోవుదునని రోగి అన్నచో తేలికగా కొట్టివేయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు. 14416 నంబరుకు ఫోను చేసినచో టెలీ మానస్ సలహాదారులు తెలుగులోను మాటలాడుదురు.

రోగితో వాదించి అతని భ్రమను పోగొట్టలేము. వెక్కిరించిన మరింత దూరమగును. “నీకు భయముగా ఉన్నదని తెలియుచున్నది, నేను దగ్గరనే ఉన్నాను” అని చెప్పినచో చాలును. విరిగిన కాలిని చూచి ఎవరును నడవమని గద్దింపరు. కంటికి కనబడని నాడీసంధి దెబ్బతిన్నప్పుడును అదే ఓర్పు చూపవలెను.