చలికాలంలో పొగబండి వీడియో

అక్కలారా, మా కేంద్రానికి వచ్చే ఒక అక్క మొన్న తన కొడుకు ఫోను పట్టుకొచ్చింది. "మావాడు రైలు వీడియో తీశాడు, చూడు టీచరమ్మా" అంది. చూశాం. రైలు దూసుకొస్తోంది. బాగానే తీశాడు.

ఆ ఫోనులోనే ఇంకో వీడియో ఉంది. అది ఇంగ్లండు దేశంలోది. మంచు పట్టిన పొలాలు. నల్లటి ఇంజను. దాని మీద దూదికొండలా తెల్లటి పొగ. అందరం నోరు తెరిచి చూశాం. "అమ్మో, ఎంత బొగ్గు కాలుతోందో!" అంది ఒక అక్క. ఆ రోజు పాఠం పక్కన పెట్టి దాని గురించే మాట్లాడుకున్నాం.

మన పెద్దవాళ్లు రైలును పొగబండి అనేవారు. మన దేశంలో పెద్ద లైన్ల మీద రోజూ తిరిగే బొగ్గు ఇంజన్లు 1995 డిసెంబరులో ఆగిపోయాయి. ఇంగ్లండులో అంతకు ముందే, 1968 ఆగస్టులో ఆగాయి. కానీ అక్కడ కొన్ని పాత ఇంజన్లను బాగుచేసి ఉంచుకున్నారు. అప్పుడప్పుడు వాటికి పెట్టెలు తగిలించి, టిక్కెట్లు అమ్మి, విహారయాత్ర నడుపుతారు. కొందరు ఆ రైలు ఎక్కుతారు. కొందరు ఎక్కరు. దారి పక్కన చలిలో గంటల తరబడి నిలబడి వీడియో తీస్తారు.

చలిలోనే ఎందుకు? ఎండాకాలంలో తీయకూడదా?

మీ ఇంట్లో కుక్కరు చూడండి. విజిలు వేసినప్పుడు దాని మూతి దగ్గర ఏమీ కనిపించదు. కాస్త పైన తెల్లగా కనిపిస్తుంది. నిజమైన ఆవిరి కంటికి కనిపించదు. గాలి తగిలి చల్లబడి సన్నటి నీటి తుంపరలు అయినప్పుడే తెల్లగా కనిపిస్తుంది. (మూతి దగ్గర చెయ్యి మాత్రం పెట్టకండి. కనిపించని ఆవిరే ఎక్కువ కాలుస్తుంది.) గాలి ఎంత చల్లగా ఉంటే తెలుపు అంత చిక్కగా ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మన నోట్లోంచి పొగ వచ్చినట్లు ఉంటుంది కదా, అదీ ఇదే.

బొగ్గు ఇంజను కూడా పెద్ద కుక్కరు లాంటిదే. లోపల బొగ్గు మండుతుంది. నీళ్లు మరిగి ఆవిరి అవుతాయి. అన్నం గిన్నె మీద మూతను ఎగరేసే ఆవిరే అక్కడ చక్రాలను తిప్పుతుంది. పని అయ్యాక ఛుక్ ఛుక్ అంటూ గొట్టం లోంచి బయటికి పోతుంది. కాబట్టి ఆ దూదికొండలో ఎక్కువ భాగం పొగ కాదు, నీరే. ఇది చెబితే మా అక్కలు మొదట నమ్మలేదు!

బరువు లాగేటప్పుడు ఇంజను ఎక్కువ ఆవిరి వదులుతుంది. అందుకే వీడియో తీసేవాళ్లు ఎత్తు ఎక్కే దారి వెతుకుతారు. ఇంగ్లండు ఉత్తరాన సెటిల్ నుంచి కార్లైల్ వరకు అలాంటి దారి ఉంది. 1876లో అక్కడ ప్రయాణికుల రైళ్లు మొదలయ్యాయి. సెటిల్ దాటాక సుమారు 25 కిలోమీటర్లు ఎక్కుడే. చాలా చోట్ల వంద అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. మన కంటికి అది ఎత్తులాగే ఉండదు. ఇంజనుకు మాత్రం ఊపిరి ఆడదు. ఆ దారిలోనే రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల రాతి వంతెన ఉంది. దూరంగా నిలబడి తీసినా రైలంతా కనిపిస్తుంది.

తీసేవాళ్లు ముందే వెళ్లి చోటు చూసుకుంటారు. సూర్యుడు వీపు వెనక ఉండాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం 4 గంటలు కాకుండానే పొద్దు గుంకుతుంది. గాలి మన వైపు వీస్తే ఆవిరి రైలును కప్పేస్తుంది. అప్పుడు రెండోవైపుకు మారాలి. చలికి ఫోను ఛార్జింగు తొందరగా దిగిపోతుంది. అందుకే రైలు వచ్చేదాకా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి పెట్టుకుంటారు.

ఇంత ఓపికగా చేసే పనిలోనూ తొందరపడేవాళ్లు ఉన్నారు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అని పేరుమోసిన ఇంజను ఉంది. 1923లో తయారైంది. ఏళ్ల తరబడి మరమ్మతు చేశాక, 2016 ఫిబ్రవరి 25న లండను నుంచి యార్క్ ఊరికి బయలుదేరింది. దాన్ని చూడడానికి దారి పొడుగునా జనం వచ్చారు. కొందరు దగ్గరగా తీయాలని పట్టాల మీదికే వెళ్లిపోయారు. దారి మధ్యలో రైలును ఆపాల్సి వచ్చింది.

లెక్క చేసి చూద్దాం. అక్కడ ఇలాంటి రైళ్లు గంటకు 120 కిలోమీటర్ల దాకా పోతాయి. అంటే ఒక్క సెకనుకు 33 మీటర్లు. బ్రేకు వేసినా బండి వెంటనే నిలవదు. పైగా ఫోనులో చూస్తే రైలు ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. ఇంకా టైముంది అనుకుంటాం. ఉండదు. రెండు లైన్లు ఉన్నచోట ఇంకో అపాయం. కళ్లు పొగబండి మీద ఉంటాయి. పక్క లైను మీద వేరే రైలు వెనక నుంచి వస్తుంది. బొగ్గు ఇంజను చప్పుడులో దాని చప్పుడు వినపడదు.

మంచి వీడియోలు పట్టాల దగ్గర తీసినవి కావు. కంచెకు ఇవతల పొలంలో నుంచో, జనం నడిచే వంతెన మీద నుంచో తీసినవి. అక్కడా ఇక్కడా అనుమతి లేకుండా పట్టాల మీదికి పోవడం నేరం. మన దేశంలో 1989 నాటి రైల్వే చట్టంలో ఆ మాట ఉంది.

ఇదంతా విన్నాక ఆ అక్క కొడుకు వీడియోను మళ్లీ పెట్టమంది. ఈసారి రైలును చూడలేదు. కింద చూసింది. తెర కింది భాగంలో కంకర రాళ్లు కనిపించాయి. ఆ పక్కనే ఇనుప పట్టా.

"వీడు ఎక్కడ నిలబడి తీశాడు?" అంది.

ఫోను కొంగులో చుట్టుకుని, పలక అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లింది.