పిలిచేవాడికి వాటా

నారాయణఖేడ్ దగ్గర ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్ళో ఒక తల్లి. ఆమె ఏటా చెరుకు కొట్టడానికి వలస పోయేది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేది. భర్తతో కలిసి నెలల తరబడి గుడిసెలో ఉండేది. కొడుకు ముసలవ్వ దగ్గర పెరిగాడు.

ఈ ఏడు ఆమె వలస పోవద్దు అనుకుంది. మహిళా సంఘంలో 40,000 రూపాయల లోను తీసుకుంది. బర్రె కొనాలి. పాలు అమ్మాలి. ఊళ్ళోనే బతకాలి.

పైసలు ఆమె బ్యాంకు ఖాతాలో పడ్డాయి. ఆమె ఖాతా కొడుకు ఫోనుకు కలిపి ఉంది. అంగడిలో బర్రెను బేరం చేసింది. పైసలు తీయడానికి బ్యాంకుకు పోయింది. పాసుబుక్కులో అంకెలు పడ్డాయి. ఆమె ఎవరినీ అడగలేదు. తానే చదివింది. 20,000 మాత్రమే ఉన్నాయి.

మిగతా 20,000 ఎక్కడికి పోయాయి?

ఇంటికి వచ్చింది. కొడుకు గోడకు ఒరిగి కూర్చున్నాడు. తల ఎత్తలేదు. ఫోను పక్కనే ఉంది. తల్లి ఫోను చేతికి తీసుకుంది. తెర మీద తెలుగు అక్షరాలు. ఒక్కొక్కటి కూడబలుక్కుని చదివింది.

"చేరండి. 500 వేస్తే ఇంకో 500 ఫ్రీ. రోజూ గెలుపే. ఈ లింకు నొక్కండి."

"ఇది ఎవడు పంపిండురా నీకు?" అని అడిగింది.

"నాకు పంపలేదమ్మా. నేనే పంపిన" అన్నాడు కొడుకు.

"నువ్వా? ఎవలకు?"

"దోస్తులకు. పన్నెండు మందికి. పక్కింటి అత్త కొడుకుకు గూడ పంపిన."

తల్లి గుండె ఝల్లుమంది. "500 ఉత్తగ ఎవడిస్తడురా? ఎందుకిస్తడు?"

కొడుకు ఏడ్చాడు. జరిగింది చెప్పాడు. మొదట ఒకడు అతనికి ఇలాంటి లింకే పంపాడు. అతను 200 వేశాడు. 350 వచ్చాయి. తర్వాత 1,000 వేశాడు. పోయాయి. పోయినవి రాబట్టుకోవాలని మళ్ళీ వేశాడు. అట్లా 20,000 పోయాయి. "ఇంకొంత మందిని చేర్పించు. నీకు కమీషన్ వస్తది. పోయిన పైసలు తిరిగొస్తయి" అన్నారు. అందుకని దోస్తులను పిలిచాడు.

ఇజ్జత్ పోతుందని తల్లి మొదట భయపడింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి ఒక మాట అనుకుంది. "నా ఇంట్ల నిప్పు పడ్డది. ఇది పక్కింటికి పోవద్దు." ఆ సాయంత్రం సంఘం మీటింగులో అందరి ముందు చెప్పింది.

పిలిచేవాడు ఎవరు?

సంఘం లెక్కలు రాసే అక్క ఇట్లా అడిగింది: "చెరుకు కొట్టడానికి మనను మేస్త్రీ తీసుకపోతడు. మేస్త్రీకి ఏమొస్తది?"

"తలకు ఇంత అని కమీషన్ వస్తది" అన్నారు అందరూ.

"ఇది గూడ గట్లనే. ఫోనుల జూదం నడిపే కంపెనీ ఉంటది. దానికి మనుషులను తెచ్చేటోళ్ళు ఉంటరు. వాళ్ళకు తలకు ఇంత అని ఇస్తరు. కొందరికైతే మనం పోగొట్టుకున్న దాంట్ల వాటా ఇస్తరు."

ఈ పని చేసేవాడిని ఇంగ్లీషులో అఫిలియేట్ అంటారు. మన మాటలో దళారి.

అతను పంపే లింకులో అతని గుర్తు ఉంటుంది. బీమా చేసిన బర్రె చెవికి బిళ్ళ ఉంటది కదా. అట్లాంటిదే. ఆ లింకు నొక్కి ఎవరు చేరినా ఫలానావాడు తెచ్చాడని కంపెనీకి తెలుస్తుంది.

"మేస్త్రీ పిలిస్తె పనికి పోయినం. కష్టమో నష్టమో కూలి దొరికింది. వీడు పిలిచేది పనికి కాదు. మనం ఓడిపోవాలె. అప్పుడే వీనికి కూలి" అన్నది ఒక పెద్దవ్వ.

లెక్క చూద్దాం

ఇద్దరు చెరి 100 రూపాయలు పందెం వేశారు. మొత్తం 200. కంపెనీ గెలిచినవాడికి 190 ఇచ్చింది. 10 తన దగ్గర ఉంచుకుంది. ఒకడికి 90 లాభం. ఇంకొకడికి 100 నష్టం. ఎవరు గెలిచినా కంపెనీకి 10 మిగిలింది.

ఇప్పుడు ఒక్కడే 100 సార్లు ఆడాడు అనుకుందాం. ప్రతిసారీ 100 వేశాడు. 50 సార్లు గెలిచాడు. 50 సార్లు ఓడాడు.

గెలిచింది: 50 సార్లు 90, మొత్తం 4,500.
ఓడింది: 50 సార్లు 100, మొత్తం 5,000.
నష్టం: 500 రూపాయలు.

చూడండి. గెలుపు, ఓటమి సమానం. అయినా 500 పోయాయి. ఎంత ఎక్కువ ఆడితే అంత ఎక్కువ కోత పడుతుంది.

మరి దళారికి ఎంత? లెక్క కోసం పోయిన డబ్బులో నూటికి 30 అనుకుందాం. ఆ తల్లి కొడుకు 20,000 పోగొట్టుకున్నాడు. అతన్ని పిలిచినవాడికి 6,000 వచ్చాయి. బర్రె పైసలతో దళారి జేబు నిండింది.

ఎట్లా పిలుస్తారు?

1. నోట్ల కట్టలు చూపిస్తారు. కొత్త కారు చూపిస్తారు. "ఇవన్నీ ఆటల గెల్సిన" అంటారు. తెర మీద గెలిచినట్టు అంకెలు చూపిస్తారు. అటువంటి అంకెలు ఎవరైనా తయారు చేయవచ్చు.

2. "రేపటి క్రికెట్‌ల ఎవరు గెలుస్తరో చెప్త" అంటారు. ఇందులో ఒక మాయ ఉంది. 800 మందికి మెసేజి పంపుతారు. 400 మందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగతా 400 మందికి రెండో జట్టు గెలుస్తుందని చెబుతారు. ఎవరు గెలిచినా 400 మందికి చెప్పింది నిజమవుతుంది. ఆ 400 మందిని మళ్ళీ సగం చేస్తారు. 200 మందికి నిజమవుతుంది. ఇంకోసారి సగం. 100 మంది మిగులుతారు. ఆ 100 మందికి మూడుసార్లూ చెప్పినట్టే జరిగింది. "ఈయనకు అంతా తెల్సు" అని నమ్ముతారు. పైసలు పెడతారు. నిజానికి అతనికి ఏమీ తెలియదు.

3. "500 వేస్తే 500 ఫ్రీ" అంటారు. ఆ ఫ్రీ పైసలు వెంటనే చేతికి రావు. చాలాసార్లు పందెం ఆడినాకే తీసుకోవచ్చు అని షరతు పెడతారు. అంతలో మన 500 కూడా పోతాయి.

4. "ఏ ఆట మంచిది? మేం చెప్తం" అని వరుసగా పేర్లు రాసి పెడతారు. అది సలహా లాగా కనిపిస్తుంది. కానీ రాసినవాడికి ఆ కంపెనీల నుంచే కమీషన్ వస్తుంది. అది సలహా కాదు, దుకాణం బోర్డు.

5. పేరున్నవాళ్ళతో చెప్పిస్తారు. తెలిసిన మొహం చూసి పిల్లలు నమ్ముతారు.

6. ఓడినవాడితోనే పిలిపిస్తారు. ఇది అన్నిటికంటే చెడ్డది. పరాయివాడు పిలిస్తే అనుమానం వస్తుంది. దోస్తు పిలిస్తే రాదు.

చట్టం ఏమంటుంది?

తెలంగాణలో జూదం మీద 1974 నాటి చట్టం ఉంది. 2017లో దాన్ని మార్చారు. ఫోనులో, కంప్యూటరులో పైసలు పెట్టి ఆడే ఆటలను కూడా నిషేధించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఇట్లాగే చేశారు.

అయినా పిలుపులు ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాదులో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు కేసులు నమోదు చేశారు. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని యూట్యూబర్ల మీద, సినిమావాళ్ళ మీద ఆ కేసులు పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. కేసు పెడితే నేరం రుజువైనట్టు కాదు. అది కోర్టు తేల్చాలి. కానీ ఆడించేవాడినే కాదు, పిలిచేవాడిని కూడా అడుగుతారని అందరికీ తెలిసింది.

2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం పైసల ఆట నడిపితే 3 ఏళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేస్తే 2 ఏళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా.

కమీషన్ కోసం లింకు పంపే పిల్లలకు ఈ సంగతి తెలియదు. వాళ్ళకు చెప్పాలి.

తల్లి ఏం చేసింది?

కొడుకును కొట్టలేదు. తిట్టి ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. వెంటబెట్టుకుని పక్కింటికి పోయింది. పక్కింటి పిల్లవాడు అప్పటికే 300 వేశాడు.

"నేను పంపిన లింకు నొక్కకురా. నేను గెలవలేదు. మా అమ్మ బర్రె పైసలు పోగొట్టిన" అన్నాడు కొడుకు. ఆ మాట చెప్పడం అతనికి చాలా కష్టమైంది. పన్నెండు మందికీ చెప్పాడు.

తల్లి బ్యాంకుకు పోయి తన ఖాతాను కొడుకు ఫోను నుంచి తీయించింది. 1930 నంబరుకు ఫోను చేయించింది. సైబర్ మోసాల్లో పైసలు పోతే చేయాల్సిన నంబరు అది. పైసలు ఎప్పుడు పోయాయి, ఎవరి ఖాతాకు పోయాయి అన్నీ రాయించింది. ఆలస్యం అయింది. పోయిన పైసలు తిరిగి రాలేదు. బర్రె ఆ అంగడిలో కొనలేదు. సంఘం ఆమెకు కిస్తీ గడువు పెంచింది. కొడుకు కూలికి పోయి నెల నెలా కడుతున్నాడు.

గుర్తుంచుకోండి

పాసుబుక్కు నెలకు ఒకసారి రాయించండి. మీరే చదవండి.

ఏటీఎం కార్డు నంబరు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

"నీ ఖాతా నాకియ్యి, నెలకింత ఇస్త" అని ఎవరన్నా అడిగితే ఇవ్వకండి. జూదం పైసలు మీ పేరు మీద తిరుగుతాయి. పోలీసులు మీ ఇంటికి వస్తారు.

పైసలు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

పైసలు పోయి పిల్లవాడు కుంగిపోతే ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416. పైసలు అడగరు. పగలైనా రాత్రైనా మాట్లాడుతారు. అప్పు ఎంతదైనా ప్రాణం కంటే పెద్దది కాదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చదువు నేర్చుకున్నారు. పాఠంలో సారా గురించి చదివారు. కూలి పైసలు ఎక్కడికి పోతున్నాయని అడిగారు. సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

సారా దుకాణం ఊరి చివర ఉండేది. అందరికీ కనిపించేది. ఈ దుకాణం పిల్లల జేబులో ఉంది. కనిపించదు. దానికి తాళం వేయాలంటే ముందు మనం చదవాలి. లెక్క వేయాలి. దాచిపెట్టకుండా నలుగురిలో మాట్లాడాలి.

కొత్త మాటలు

దళారి, వాటా, కమీషన్, లింకు, షరతు, ప్రచారం, దర్యాప్తు

జవాబులు రాయండి

1. తల్లి లోను ఎందుకు తీసుకుంది?
2. లింకు పంపినవాడికి పైసలు ఎట్లా వస్తాయి?
3. మేస్త్రీకి, ఈ దళారికి తేడా ఏమిటి?
4. పైసలు పోతే ఏ నంబరుకు ఫోను చేయాలి?

లెక్క చేయండి

ఒకతను 10,000 రూపాయలు పోగొట్టుకున్నాడు. అందులో నూటికి 30 దళారికి పోతే, దళారికి ఎంత వచ్చింది?

మాట్లాడుకోండి

తల్లి సంఘంలో చెప్పకుండా దాచి ఉంటే ఏమయ్యేది? మీ ఊళ్ళో పిల్లలకు ఇలాంటి మెసేజిలు వస్తున్నాయా? ఈ రాత్రి ఇంట్లో అడగండి. వచ్చినవాటిని చదివించుకుని, రేపు సంఘంలో చెప్పండి.