కుబుసంలో ఇరుక్కున్న సాలీడుకు సాయం ఎట్లా చెయ్యాలి?



పంచశీలలో మొదటిది ప్రాణిహింసకు దూరంగా ఉండడం. ఇది మనందరికీ తెలుసు. అయితే చంపకుండా ఉంటే చాలా? ఒక ప్రాణి మన కళ్ళ ముందే అవస్థ పడుతుంటే ఏం చెయ్యాలి? బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో కరుణ మనుషుల పట్ల, మైత్రి సకల జీవుల పట్ల అని వివరించారు. ఈ పాఠంలో మైత్రికి ఒక పరీక్ష పెట్టుకుందాం. అందుకోసం చాలామంది చూడగానే చెప్పు తీసే జీవినే తీసుకుందాం. అది టరంటులా, అంటే ఒళ్ళంతా నూగు ఉండే పెద్ద సాలీడు.

మన గడ్డ మీది సాలీడు

ఇదేదో పరాయి దేశపు పురుగు అనుకోకండి. నీలి రంగులో మెరిసే ఒక టరంటులాను ప్రపంచమంతా గుత్తి పేరుతోనే పిలుస్తుంది. 1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించాడు. అది దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. తర్వాత వందేళ్ళ దాకా జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంచనా. చెట్లు నరకడం వల్ల, పెంపకందారులకు అమ్మడానికి పట్టుకుపోవడం వల్ల అది తగ్గిపోతోంది. 2008లో ఐయూసీఎన్ దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది.

కాబట్టి ముందు మాట ఇది: అడవిలో ఉన్నదాన్ని పట్టి తేవద్దు. కానీ పెంపకంలోనే పుట్టినవి విదేశాల్లో చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. డబ్బాలో ఉన్న ప్రాణి నీళ్ళ కోసం కూడా మనిషి మీదే ఆధారపడుతుంది. కాబట్టి దాని బాధ్యత పెంచేవాళ్ళదే.

కుబుసం ఎందుకు విడుస్తుంది?

మనకు ఎముకలు లోపల ఉంటాయి. సాలీడుకు ఒంటి పైనే గట్టి పెంకు ఉంటుంది. అది సాగదు. పెరగాలంటే పాత పెంకు విడవాల్సిందే. పిల్లలు ఏడాదికి చాలాసార్లు విడుస్తాయి. పెద్ద ఆడవి ఇంచుమించు ఏడాదికోసారి విడుస్తాయి.

ఆ సమయం దగ్గర పడితే సాలీడు మేత ముట్టదు. రంగు మసకబారుతుంది. గూటి నోరు దారంతో మూసుకుంటుంది. తర్వాత వెల్లకిలా గానీ పక్కకు గానీ పడుకుంటుంది. తెలియనివాళ్ళు చచ్చిందనుకొని పారేస్తారు! చచ్చేది సాధారణంగా కాళ్ళు కిందికి ముడుచుకొని ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ముందు తల మీది పెంకు పగులుతుంది. తర్వాత పొట్ట బయటపడుతుంది. చివరికి ఒక్కో కాలూ పాత తొడుగులోంచి ఊడివస్తుంది. ఇదంతా గంటల తరబడి సాగొచ్చు.

ఎందుకు ఇరుక్కుంటుంది?

సాలీడు ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో తోసి కాళ్ళు చాపుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి చాలదు, కాలు తొడుగులోనే ఉండిపోతుంది. పాత గాయం, నీరసం, మధ్యలో ఎవరైనా కదిలించడం కూడా కారణాలే. అపశకునమూ కాదు, దోషమూ కాదు. కారణం ఉంది, ఫలితం వచ్చింది.

ఏం చెయ్యాలి?

1. అసలు సాయం వారాల ముందే మొదలవుతుంది. నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచాలి. మేత మానగానే డబ్బాలోని చిమ్మెటలు, పురుగులు తీసెయ్యాలి. మెత్తగా ఉన్న సాలీడును అవి కొరికి చంపగలవు.

2. మొదలైతే ముట్టుకోవద్దు, ఊదొద్దు, డబ్బా కదపొద్దు. డబ్బా గోడకు, అడుగు మట్టికి కొంచెం తడి తగిలించండి. సాలీడు మీద నీళ్ళు చల్లొద్దు.

3. చాలా గంటలు గడిచినా ముందుకు సాగక, కదలికే ఆగిపోతే అప్పుడు పూనుకోండి. మెత్తని బ్రష్షుతో గోరువెచ్చని నీళ్ళు ఇరుక్కున్న తొడుగుకు మాత్రమే అద్దండి. పొట్ట కిందిభాగంలో ఊపిరి తీసే చీలికలుంటాయి, అక్కడ తడి తగలకూడదు. తడి నానేదాకా ఆగి మళ్ళీ చూడండి.

4. లాగొద్దు. కొత్త చర్మం వెన్నలా ఉంటుంది. లాగితే చిరిగి లోపలి ద్రవం కారిపోతుంది. కారితే ఆ చోట కొద్దిగా పెట్రోలియం జెల్లీ అద్దండి.

5. కాలు పోయినా భయపడకండి. పెరిగే వయసులో ఉంటే తర్వాతి కుబుసాల్లో కాలు మళ్ళీ వస్తుంది. కోరలు, నోటి భాగం ఇరుక్కుంటే మాత్రం బతకడం కష్టం. మనం అన్నీ సరిగ్గా చేసినా కొన్ని ప్రాణాలు దక్కవు.

6. విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. నల్లబడేదాకా, సుమారు 10 రోజుల నుంచి రెండు వారాల వరకు మేత వెయ్యొద్దు. నీళ్ళు మాత్రం పెట్టండి.

ఇంకో మాట: గుత్తి సాలీడు కాటుకు తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టెయ్యడం ఉంటాయి. చేత్తో పట్టొద్దు.

ఇందులో మనకేముంది?

కష్టం చూడగానే లాగెయ్యాలనిపిస్తుంది. ఆ తొందర ఎవరి బాధ తీర్చడానికి? చాలాసార్లు అది మన ఆత్రం తీర్చుకోవడానికే. కారణం తెలుసుకోవడం ప్రజ్ఞ. అవసరమైనంతే చేసి చెయ్యి ఆపుకోవడం శీలం. ఫలితం వచ్చేదాకా పక్కనే మెలకువగా ఉండడం మైత్రి. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా మిగిలినవి పనికి రావు.

కూడికలో మాట్లాడుకోండి

ఇంట్లో పరీక్ష తప్పిన పిల్లవాడు, తాగుడు మానాలని తంటాలు పడే తమ్ముడు, అత్తింటి నుంచి తిరిగొచ్చిన చెల్లెలు. వీళ్ళ విషయంలో మనం నీళ్ళ గిన్నె ముందే పెట్టామా? లేక ఇరుక్కున్నాక లాగడానికి వెళ్తున్నామా?