నమూనా రైలుకు గొంతు

పాఠ్యాంశ ఉద్దేశం

నమూనా రైలు ఇంజన్లలోని డిజిటల్ ధ్వని వ్యవస్థలు పనిచేసే తీరును వివరించడం, రెండు వస్తువులను న్యాయంగా పోల్చి చూసే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రైలును మనం కంటితో చూడడానికి ముందే చెవితో గుర్తిస్తాం. దూరం నుండి వినిపించే కూత, దగ్గరవుతున్న కొద్దీ హెచ్చే చప్పుడు, స్టేషనులో ఆగిన తరువాత ఇంజను విడిచే నిట్టూర్పు కలిస్తేనే రైలు అనుభవం పూర్తి అవుతుంది. అందుచేతనే ఎంత అందమైన నమూనా రైలైనా మౌనంగా సాగిపోతే ప్రాణం లేని బొమ్మలా తోస్తుంది. ఈ లోటును తీర్చడానికి తయారీదారులు చాలాకాలం నుండి కృషి చేస్తున్నారు. అమెరికాకు చెందిన లయొనెల్ సంస్థ 1935లో తన బొమ్మ రైళ్ళలో గాలితో ఊదే కూతను ప్రవేశపెట్టింది. అయితే అసలు యంత్రాలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గొంతు ఉంటుంది. ఆ భేదాన్ని చూపడం అప్పటి సాధనాలకు సాధ్యం కాలేదు.

ఈ కృషిలో వినోదమే కాక మరొక విలువ కూడా ఉంది. 1960 నాటికి అమెరికా ప్రధాన రైలుమార్గాల నుండి ఆవిరి యంత్రాలు దాదాపుగా తప్పుకున్నాయి. మన దేశంలోనూ బ్రాడ్‌గేజి మార్గాలపై వాటి నిత్యసేవ 1995లో ముగిసింది. యంత్రాన్ని ప్రదర్శనశాలలో నిలబెట్టవచ్చు గాని, చల్లారిన బాయిలరు పలకదు. ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఛాయాచిత్రకారుడు 1950ల చివరిభాగంలో నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ రైలుమార్గం వెంట తిరిగి, ఆవిరి యంత్రాల చిత్రాలతో పాటు వాటి ధ్వనులను కూడా భద్రపరిచాడు. రూపం నిలిచి గొంతు పోతే జ్ఞాపకం సగమే మిగులుతుందని ఆయన కృషి మనకు తెలుపుతుంది.

పూర్వపు నమూనా రైళ్ళలో పట్టాలలోని విద్యుత్తు హెచ్చితే వేగం హెచ్చేది, తగ్గితే తగ్గేది. ఆగిన బండికి విద్యుత్తు అందదు కనుక అది పలికే అవకాశమే లేదు. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపకల్పన ఆధారంగా, అమెరికాలోని జాతీయ నమూనా రైలు సంఘం 1994లో డి.సి.సి. అనే ప్రమాణాలను ప్రకటించింది. ఈ పద్ధతిలో పట్టాలలో ఎల్లవేళలా పూర్తి విద్యుత్తు ఉంటుంది. దానితో పాటే ఆజ్ఞలు కూడా ప్రయాణిస్తాయి. ప్రతి ఇంజనుకూ ఒక సంఖ్య ఉంటుంది. తన సంఖ్యతో వచ్చిన ఆజ్ఞను మాత్రమే ఇంజనులోని డీకోడరు స్వీకరిస్తుంది. ధ్వని డీకోడరు తన స్మృతిలో దాచిన ధ్వనులను ఆ ఆజ్ఞకు, బండి వేగానికి అనుగుణంగా వినిపిస్తుంది.

ఇది తేలిక పని కాదు. రెండు సిలిండర్ల సాధారణ ఆవిరి యంత్రం చక్రం ఒకసారి తిరిగేలోగా నాలుగుసార్లు ఆవిరిని విడుస్తుంది. చక్రం చుట్టుకొలత 5.5 మీటర్లు అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు రెండుసార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు ఎనిమిది చప్పుళ్ళు. చక్రానికీ చప్పుడుకూ పొత్తు కుదరకపోతే చెవి వెంటనే పసిగడుతుంది.

ఇక రెండు ప్రసిద్ధ వ్యవస్థలను పోల్చి చూద్దాం. ఒకటి అమెరికాలోని డురాంగో పట్టణానికి చెందిన సౌండ్‌ట్రాక్స్ సంస్థ తయారుచేసిన సునామీ-2. రెండవది జర్మనీకి చెందిన ఈ.ఎస్.యు. సంస్థ తయారుచేసిన లోక్‌సౌండ్-5. రెండింటిలోనూ ధ్వని 16 బిట్లలో ఉంటుంది. 8 బిట్లలో ధ్వని తీవ్రతకు 256 మెట్లే ఉండగా, 16 బిట్లలో 65,536 మెట్లు ఉంటాయి. కనుక సన్నని ధ్వనులు కూడా స్పష్టంగా వినిపిస్తాయి. బరువు లాగేటప్పుడు గొంతు బిగించి, దిగుడులో సడలించే నేర్పు రెండింటికీ ఉంది.

భేదం స్వేచ్ఛలో ఉంది. సునామీ-2లో ఆవిరి, డీజిలు రకాలకు వేరువేరు డీకోడర్లు ఉంటాయి. తయారీదారు ముందే పొందుపరిచిన అనేక కూతలు, గంటల నుండి మనకు కావలసినది ఎంచుకోవాలి. ఇందుకు కంప్యూటరుతో పని లేదు. లోక్‌సౌండ్-5లోనైతే ప్రత్యేక పరికరాన్ని కంప్యూటరుకు కలిపి ధ్వనులన్నింటినీ మార్చివేయవచ్చు. నేటి ఆవిరి యంత్రపు గొంతు రేపు డీజిలు గొంతు కాగలదు. సులువు కోరేవారికి మొదటిది, కోరిన యంత్రపు గొంతునే వెదికి తెచ్చుకునేవారికి రెండవది అనుకూలం.

అయితే పోలిక న్యాయంగా ఉండాలి. స్పీకరు వెనుక నుండి వెలువడే ధ్వని ముందరి ధ్వనిని అణచివేస్తుంది. అందుకే స్పీకరును మూసిన పెట్టెలో అమర్చాలి. ఈ అమరిక లేనప్పుడు మేలైన డీకోడరు కూడా పీలగా పలుకుతుంది. ఆ దోషాన్ని డీకోడరుపై మోపడం తగదు. అలాగే బిగ్గరగా పలికేదే మేలైనదని భ్రమపడరాదు. 1:87 నిష్పత్తి గల నమూనాను ఒక మీటరు దూరం నుండి చూడడం అసలు రైలును 87 మీటర్ల దూరం నుండి చూడడంతో సమానం. అంత దూరపు చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉండదు కదా! కాబట్టి ఒకే ఇంజనులో, ఒకే స్పీకరుతో, ఒకే తీవ్రతలో విన్న తరువాతనే తీర్పు చెప్పాలి.

ఏది మేలు అన్న ప్రశ్నకు ముందు, అసలు యంత్రం ఎలా పలికేదో తెలిసి ఉండాలి. మూలం ఎరుగని చెవికి ఏ నకలైనా ఒక్కటే. ఒకనాటి యంత్రాల గొంతును శ్రద్ధగా విన్నవారు, విని భద్రపరిచినవారు ఉన్నందువల్లనే అరచేతిలో ఇమిడే నమూనా నేడు సత్యంగా పలకగలుగుతున్నది.

కఠిన పదాలు – అర్థాలు

నిత్యసేవ : ప్రతిదినం జరిగే సేవ
ఛాయాచిత్రకారుడు : ఫొటోలు తీసేవాడు
పొత్తు : జోడు, కలయిక
నిష్పత్తి : రెండు కొలతల మధ్య సంబంధం

ప్రశ్నలు

1. పూర్వపు నమూనా రైళ్ళు ఆగినప్పుడు పలకలేకపోవడానికి కారణమేమి?
2. సునామీ-2, లోక్‌సౌండ్-5 వ్యవస్థల మధ్య గల సామ్య భేదాలను వివరించండి.
3. “మూలం ఎరుగని చెవికి ఏ నకలైనా ఒక్కటే.” ఈ వాక్యంలోని అంతరార్థాన్ని సొంత మాటలలో రాయండి.