నీటిని చిత్రించే గణితం

కర్నూలు నుండి నంద్యాలకు పోయే దారిలో ఓర్వకల్లు ఉంది. ఆ గ్రామ సమీపాన ఉన్న రాతివనంలో వింత ఆకృతుల శిలలు, వాటి నడుమ నీటి మడుగులు కానవస్తాయి. వానకు మొగం వాచిన సీమలో ఆ నీరు కంటికి విందు. నీరు తేటగా ఉన్నప్పుడు మడుగు అంచున నిలిచి తిన్నగా కిందికి చూస్తే అడుగు రాళ్లు కనిపిస్తాయి. చూపును దూరానికి సారిస్తే అడుగు మరుగై, ఎదుటి శిలల ప్రతిబింబమే గోచరిస్తుంది. కంప్యూటర్ తెరపై నీటిని గాని, గాజును గాని నిజమనిపించేలా సృష్టించదలచినవారు మొదట గ్రహించవలసినది ఈ తేడానే.

మట్టికుండకు తనదైన రంగు ఉంది. తేట నీటికి, గాజుకు అటువంటి సొంత రూపం దాదాపు లేదు. వెనుక ఉన్నదానిని వంచి చూపడం, ఎదుట ఉన్నదానిని పరావర్తనం చెందించడం, ఇదే వాటి రూపం. అందుచేత శూన్యంలో ఉంచిన గాజు గోళం ఎంత శ్రద్ధగా మలచినా జీవం లేని ముద్దగానే తోస్తుంది. దాని చుట్టూ ఒక లోకం ఉండాలి.

కాంతి ఒక యానకం నుండి మరొక యానకంలోకి ఏటవాలుగా ప్రవేశించేటప్పుడు వంగుతుంది. ఆ వంపును నిర్ణయించే వక్రీభవన గుణకం నీటికి సుమారు 1.33, సాధారణ గాజుకు 1.5. లంబంగా పడిన కాంతిలో నీటి ఉపరితలం సుమారు 2 శాతాన్ని, గాజు ఉపరితలం 4 శాతాన్ని మాత్రమే వెనుకకు పంపుతాయి. ఉపరితలాన్ని ఒరుసుకొంటూ వచ్చే కాంతి దాదాపు అంతా పరావర్తనం చెందుతుంది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ రూపొందించిన సూత్రాలు దీనిని వివరిస్తాయి. ఓర్వకల్లు మడుగు రహస్యమూ అదే. 1980లో టర్నర్ విట్టెడ్ అనే అమెరికా శాస్త్రవేత్త, కంటి నుండి కిరణాన్ని వెనుకకు అనుసరిస్తూ, పారదర్శక ఉపరితలాల వద్ద దానిని పరావర్తన, వక్రీభవన శాఖలుగా చీల్చి లెక్కించే పద్ధతిని ప్రకటించాడు. గళ్ల నేలపై తేలియాడే గాజు గోళం ఆ పద్ధతితోనే తెరకెక్కింది.

గ్లాసెడు నీళ్లు మరింత చిక్కు. గాజుకూ నీటికీ నడుమ వెంట్రుకవాసి ఎడం వదిలినా, అక్కడ గాలి పొర ఉన్నట్లే యంత్రం లెక్కిస్తుంది. అప్పుడు నీరు గాజును అంటక, లోపల మరో వెండి పాత్ర ఉన్నట్లు మెరుస్తుంది. కొత్తవారి చిత్రాలు చాలావరకు ఇక్కడే చెడతాయి. రెండూ తాకే చోట గాలి ప్రసక్తి లేకుండా, 1.5 నుండి 1.33కు జరిగే మార్పునే లెక్కించాలి.

ఇది నిలిచిన నీటి సంగతి. దూకే నీటికి కాంతి సూత్రాలతో పాటు ప్రవాహ సమీకరణాలు కూడా కావాలి. 2013 జూలై 6న 'బాహుబలి' చిత్రీకరణ ప్రారంభమైనది కర్నూలు రాతివనంలోనే. 2015లో విడుదలైన ఆ చిత్రంలోని మహాజలపాతానికి హైదరాబాదుకు చెందిన మకుట సంస్థ కంప్యూటర్‌పై రూపమిచ్చింది. జలపాతం తెల్లగా కనిపించడానికి కారణం నీటిలో కలిసిన గాలి. అసంఖ్యాకమైన తుంపరలు, బుడగలు అన్ని రంగుల కాంతినీ పదేపదే చెదరగొడతాయి. ఆ తుంపరల పరిమాణం ఏమాత్రం పెరిగినా, కొండంత జలపాతం కుళాయి ధారలా కనిపిస్తుంది.